బకింగ్‌హామ్ డ్యూక్ వంశం ఏమైంది? అంతరించిన ఒక బ్రిటిష్ బిరుదు చరిత్రని తవ్వి తీసే పద్ధతి

మా తాత బకింగ్‌హామ్ కాలువ మీద ఉప్పు పడవలు నడిపాడు. పెదగంజాం లాకు దగ్గర పడవలన్నీ వరసగా ఆగేవని, తలుపులు తీసేదాకా గట్టున పొయ్యి పెట్టుకుని అన్నం వండుకునేవాళ్ళని, గాలి పడిపోతే తాడు భుజాన వేసుకుని గట్టు వెంబడి నడుస్తూ పడవని లాగేవాళ్ళని చెప్పేవాడు. ఆయన నోట ఎప్పుడూ అది 'బక్కింగాం కాలవ'. ఆ బక్కింగాం ఎవరు తాతా అని అడిగితే 'ఎవరో దొర' అని ఊరుకునేవాడు. ఇప్పటికీ మా వైపు ఎవరినడిగినా అదే జవాబు, కాస్త చదువుకున్నవాళ్ళయితే లండన్‌లో రాణిగారి ప్యాలెస్ పేరు పెట్టారంటారు.

రెండూ చాలవనిపించి నేను వెతకడం మొదలుపెట్టాను. ఆ దొర మద్రాసు గవర్నర్‌గా పనిచేసిన ఒక డ్యూక్. బ్రిటన్‌లో వంశపారంపర్య బిరుదులు పెద్ద నుంచి చిన్నకి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అని అయిదు మెట్లు. ఆయన బిరుదు 1889లో అంతరించింది, అంటే ఈరోజు ఆ పేరుతో డ్యూక్ లేడు. ఇలాంటి బిరుదుల చరిత్ర వెతకాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని, నేను వెతికిన పద్ధతిని ఆ వంశాన్నే ఉదాహరణగా పెట్టుకుని ఇక్కడ రాస్తున్నాను. మొత్తం పద్ధతికి ప్రాణం లాంటి మాట ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను. బ్రిటిష్ బిరుదు మన పొలం లాంటిది, దానికొక పట్టా ఉంటుంది. లెటర్స్ పేటెంట్ అంటారు. ఫలానా వాడికి ఇచ్చాం, అతని తర్వాత ఎవరికి వెళ్ళాలి, వాళ్ళు లేకపోతే ఇంకెవరికి వెళ్ళాలి అని అందులో రాసి ఉంటుంది. పేరు పట్టుకుని వెళ్తే దారి తప్పుతారు, పట్టా పట్టుకుని వెళ్తే తప్పరు.

ముందు ఏ బకింగ్‌హామో తేల్చుకోవాలి

ఒకే పేరుతో బిరుదు పుడుతుంది, పోతుంది, కొన్నేళ్ళకి సంబంధం లేని ఇంకో ఇంటికి మళ్ళీ పుడుతుంది. ఇలా పుట్టిన ప్రతిసారీ దాన్ని ఒక క్రియేషన్ అంటారు. బకింగ్‌హామ్ పేరు మీద డ్యూక్ బిరుదు మొదట 1444లో స్టాఫర్డ్ వంశానికి వచ్చింది, వాళ్ళలో మూడో డ్యూక్ తలని 1521లో ఎనిమిదో హెన్రీ తీయించడంతో బిరుదు జప్తయింది. 1623లో జార్జ్ విలియర్స్‌కి వచ్చింది, అయిదేళ్ళకే పోర్ట్స్‌మత్‌లో ఆయన్ని పొడిచి చంపారు, కొడుకు 1687లో వారసులు లేకుండా పోయాడు. 1703లో జాన్ షెఫీల్డ్‌కి 'బకింగ్‌హామ్ అండ్ నార్మన్‌బీ' పేరుతో వచ్చింది, ఆయన కట్టించుకున్న ఇంటినే 1761లో మూడో జార్జ్ కొన్నాడు, అదే పెరిగి పెరిగి ఇప్పటి ప్యాలెస్ అయింది, ఆ బిరుదు మాత్రం 1735లోనే ఆగిపోయింది. నాలుగోది 1822లో 'బకింగ్‌హామ్ అండ్ చాండోస్' పేరుతో వచ్చింది. మన కాలువ ఈ నాలుగో వాళ్ళది. ప్యాలెస్‌తో వాళ్ళకి ఏ సంబంధమూ లేదు.

ఇది తెలియక నేను దాదాపు మూడు నెలలు పోగొట్టుకున్నాను. డబ్బు కట్టించుకుని వంశవృక్షాలు చూపించే ఒక వెబ్‌సైట్‌లో విలియర్స్ వాళ్ళనీ ఈ నాలుగో వాళ్ళనీ ఒకే చెట్టుకి కట్టేశారు, నేను అది నమ్మి పేజీల కొద్దీ నోట్స్ రాసుకున్నాను, తేదీలు కలవకపోయేసరికి అంతా కొట్టేయాల్సి వచ్చింది. అందుకని కాగితం మీద అన్నిటికన్నా పైన మూడు విషయాలు రాసుకోండి: బిరుదు పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, ఏ పీరేజ్‌లోది, అంటే ఏ రాజ్యం బిరుదుల వరసలోది అన్నది. ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, గ్రేట్ బ్రిటన్, యునైటెడ్ కింగ్‌డమ్ అని అయిదు పీరేజ్‌లున్నాయి. వారసత్వం నియమాలు అన్నిట్లో ఒకేలా ఉండవు కాబట్టి ఇది చిన్న విషయం కాదు, కింద చూస్తారు.

ఈ మూడూ దొరికే చోటు 'ది కంప్లీట్ పీరేజ్' అనే సంపుటాలు. బకింగ్‌హామ్ రెండో సంపుటంలో ఉంటుంది, 1912లో అచ్చయింది, పాతది కాబట్టి స్కాన్ చేసిన కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. మొదటిసారి తెరిస్తే కళ్ళు తిరుగుతాయి, పేజీలో సగం పైనే ఫుట్‌నోట్లు, అక్షరాలు ఆవగింజంత. అయినా ఆ ఫుట్‌నోట్లు వదలకండి. ఎవరు ఎవరికి ఎందుకు ఓటేశారు, ఎవరి అప్పు ఎంత, ఏ బిరుదు ఏ బేరంలో వచ్చింది అన్న అసలు కబుర్లు అక్కడే ఉంటాయి.

ఇంటిపేరే మ్యాప్

కాలువకి పేరిచ్చిన మూడో డ్యూక్ పూర్తి పేరు రిచర్డ్ ప్లాంటాజెనెట్ క్యాంప్‌బెల్ టెంపుల్-నూజెంట్-బ్రిడ్జస్-చాండోస్-గ్రెన్‌విల్. చివర గీతలతో కలిపిన ముక్కలు అయిదు. ఇది డాబు కోసం పెట్టుకున్నదని మొదట్లో అనుకున్నాను, తర్వాత అర్థమైంది, ఆ పేరులోనే వంశ చరిత్ర మొత్తం ఉంది. మగపిల్లలు లేని ఇంటి ఆడపడుచు ఆస్తితో సహా కోడలుగా వస్తే, ఆమె ఇంటిపేరు కూడా తగిలించుకోవడం అక్కడి పద్ధతి, కొన్నిసార్లు ఆస్తి ఇచ్చే వీలునామాలో అదే షరతుగా ఉండేది. కాబట్టి ప్రతి గీత దగ్గరా ఆగి, ఇక్కడ వచ్చిన ఆడపిల్ల ఎవరు అని అడగండి.

మూలం గ్రెన్‌విల్. బకింగ్‌హామ్‌షైర్‌లో వొటన్ అనే ఊరి భూస్వాములు, మరీ పెద్దవాళ్ళు కాదు. వాళ్ళింటికి కోడలుగా వచ్చింది హెస్టర్ టెంపుల్. టెంపుల్ వాళ్ళు గొర్రెల మీద సంపాదించి, 1571లో స్టో అనే ఎస్టేట్‌ని కౌలుకి తీసుకుని, 1589లో కొనుక్కున్నారు. హెస్టర్ అన్న రిచర్డ్ టెంపుల్ పెద్ద సైనికాధికారి, 1718లో వైకౌంట్ కోబమ్ అయ్యాడు, స్టో తోటలు ఆయన వేయించినవే, వాటి మీద పనిచేసిన వాళ్ళలో తర్వాత తోటల రూపకర్తగా దేశమంతా పేరు తెచ్చుకున్న కేపబిలిటీ బ్రౌన్ ఉన్నాడు. కోబమ్‌కి పిల్లల్లేరు. 1749లో ఆయన పోయాక స్టో, వైకౌంట్ బిరుదు హెస్టర్‌కి వచ్చాయి, అదే ఏడు ఆమెకి కౌంటెస్ టెంపుల్ అన్న సొంత బిరుదు కూడా వచ్చింది. ఆమె కొడుకు జార్జ్ గ్రెన్‌విల్ ప్రధానమంత్రి, అమెరికా వలసల మీద 1765లో స్టాంపు పన్ను వేసింది ఆయన ప్రభుత్వమే. ఆమె అల్లుడు పెద్ద విలియం పిట్, మనవడు చిన్న పిట్, ఇద్దరూ ప్రధానులే. ఇంకో మనవడు లార్డ్ గ్రెన్‌విల్ ప్రధానిగా ఉండగానే 1807లో బానిసల వ్యాపారాన్ని రద్దు చేశారు.

నూజెంట్ ఎలా వచ్చింది? జార్జ్ గ్రెన్‌విల్ కొడుకు ఐర్లండ్‌కి చెందిన ఎర్ల్ నూజెంట్ కూతురు మేరీని చేసుకున్నాడు, మామగారి బిరుదు ప్రత్యేక ఏర్పాటు మీద అల్లుడికి వచ్చింది. ఈ అల్లుడి కథలో మన దేశం కూడా ఉంది. 1783 డిసెంబరులో ఈస్టిండియా కంపెనీని పార్లమెంటు అదుపులోకి తెచ్చే మంత్రి ఫాక్స్ బిల్లు పార్లమెంటు పై సభ అయిన లార్డ్స్ సభకి వస్తే, దానికి ఓటేసినవాణ్ణి రాజుగారు శత్రువుగా చూస్తారని ఆయనే సభ్యులకి చేరవేశాడు, బిల్లు ఓడిపోయింది, ప్రభుత్వం కూలింది. మరుసటి ఏడు ఆయన మార్క్విస్ ఆఫ్ బకింగ్‌హామ్ అయ్యాడు.

బ్రిడ్జస్, చాండోస్ రెండూ ఒకే అమ్మాయి వెంట వచ్చాయి. మూడో డ్యూక్ ఆఫ్ చాండోస్ జేమ్స్ బ్రిడ్జస్ 1789లో చనిపోయినప్పుడు మిగిలింది ఒక్క కూతురు, ఆనా ఎలైజా. ఆడపిల్ల కాబట్టి డ్యూక్ బిరుదు ఆగిపోయింది, ఆస్తి మాత్రం ఆమెతో వెళ్ళింది. 1796లో మార్క్విస్ కొడుకు ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. 1822లో గ్రెన్‌విల్ వర్గం మద్దతు ప్రభుత్వానికి అవసరమైనప్పుడు, ఆ బేరంలో ఈయన 'బకింగ్‌హామ్ అండ్ చాండోస్' డ్యూక్ అయ్యాడు. అంటే భార్య పుట్టింటి చచ్చిపోయిన బిరుదు పేరుని కూడా తన కొత్త బిరుదులో బతికించుకున్నాడు.

మీరు ఏ వంశం తీసుకున్నా ఈ పని చేయండి. ఒక్కో ఇంటిపేరు ముక్క, దాన్ని తెచ్చిన ఆడపిల్ల, ఆమెతో వచ్చిన భూమి, మూడూ పక్కపక్కన రాసుకోండి. పీరేజ్ పుస్తకాలు మగవాళ్ళని లెక్కపెట్టుకుంటూ పోతాయి, కథ నడిపించింది మాత్రం ఎక్కువగా ఈ ఆడపిల్లల పెళ్ళిళ్ళే.

ఒకే మనిషి, మూడు పేర్లు

కొత్తగా వెతికేవాళ్ళందరూ పడే గొయ్యి ఇది. డ్యూక్ బతికుండగా పెద్ద కొడుకు తండ్రికున్న చిన్న బిరుదుల్లో ఒకటి వాడుకుంటాడు, మనవడు ఇంకా చిన్నది వాడుకుంటాడు. ఇవి మర్యాదకి పిలిచే పేర్లు, వీటితో లార్డ్స్ సభలో కూర్చోవడానికి ఉండదు. మన మూడో డ్యూక్ 1823లో పుట్టినప్పుడు తాత డ్యూక్, తండ్రి మార్క్విస్ ఆఫ్ చాండోస్, కాబట్టి పిల్లవాడు ఎర్ల్ టెంపుల్. 1839లో తాత పోయాడు, ఇతను మార్క్విస్ ఆఫ్ చాండోస్ అయ్యాడు. 1861లో తండ్రి పోయాక డ్యూక్.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్తాను. ఈయన 1853 నుంచి 1861 దాకా లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకి ఛైర్మన్, అప్పట్లో చాలా పెద్ద కంపెనీ అది. 'డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్' అని పెట్టి ఆ కాలం పేపర్లు వెతికితే ఈయన దొరకడు, దొరికేది దివాలా తీసిన వాళ్ళ నాన్న. అలాగే 1832 ఎన్నికల సంస్కరణలో ఏడాదికి 50 పౌండ్ల కౌలు కట్టే రైతులకి ఓటు ఇచ్చిన 'చాండోస్ క్లాజ్' ఉంది, ఆ చాండోస్ తండ్రి, కొడుకు కాదు. కాబట్టి ఒక చిన్న పట్టిక వేసుకుని, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఎవరిని ఏ పేరుతో పిలిచారో రాసి పెట్టుకున్నాకే పాత పేపర్లలోకి, పార్లమెంటు చర్చల్లోకి దిగండి. పార్లమెంటు చర్చల రికార్డు హాన్సర్డ్ ఆన్‌లైన్‌లో ఉంది, ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గజెట్ 1665 నుంచి ఉచితంగా ఉంది, బిరుదులు ఇచ్చిన ప్రకటనలు ఆ గజెట్‌లోనే వస్తాయి.

అంతరించింది అంటే ఏది?

ఇంగ్లీషులో బిరుదు పోవడానికి నాలుగైదు మాటలున్నాయి, వాటిని కలిపేస్తే కథ పాడవుతుంది. పట్టాలో చెప్పిన వారసులు ఒక్కరూ మిగలకపోతే అంతరించినట్టు. వారసుడు ఎక్కడో ఉండొచ్చు గానీ ఎవరూ రుజువు చేసుకోలేదంటే నిద్రపోతున్నట్టు. కొన్ని పాత బారన్ బిరుదులకి కొడుకులు లేక ఇద్దరు ముగ్గురు కూతుళ్ళుంటే, అందరికీ సమాన హక్కు కాబట్టి ఎవరికీ చెందకుండా మధ్యలో వేలాడుతుంది. రాజద్రోహం కింద పోతే జప్తు, స్టాఫర్డ్ వాళ్ళకి జరిగింది అదే.

ఇప్పుడు 1889 మార్చి 26కి రండి. ఆ రోజు మూడో డ్యూక్ చనిపోయాడు. ముగ్గురు కూతుళ్ళు, కొడుకుల్లేరు. పుస్తకాలు ఆ రోజుతో డ్యూక్ బిరుదు అంతరించిందని ఒక్క ముక్కలో రాసేస్తాయి. కానీ ఆయన దగ్గర బిరుదులు గుత్తి గుత్తిగా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో పట్టా, ఆ ఒక్క చావుతో అవి నాలుగు దారులు పట్టాయి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ అండ్ చాండోస్ 1822 పట్టా, సొంత మగ సంతానానికి మాత్రమే. మొదటి డ్యూక్‌కి ఒక్కడే కొడుకు, అతనికి ఒక్కడే కొడుకు, అతనికి లేడు. మూడు తరాల్లో ముగ్గురు మగవాళ్ళు, అయిపోయింది. 1784 నాటి మార్క్విస్ ఆఫ్ బకింగ్‌హామ్ కూడా అంతే, కాకపోతే అక్కడ మొదటి డ్యూక్ తమ్ముడు లార్డ్ నూజెంట్ అనే ఇంకో కొమ్మని చూసుకోవాలి, ఆయన 1850లో పిల్లలు లేకుండా పోయాడు. 1749 ఎర్ల్ టెంపుల్‌కి ఇంకా వెనక్కి వెళ్ళి హెస్టర్ కొడుకులందరి మగ కొమ్మల్నీ చూడాలి, ప్రధాని లార్డ్ గ్రెన్‌విల్‌కి పిల్లల్లేరు, తన పుస్తకాలన్నీ బ్రిటిష్ మ్యూజియానికి రాసిచ్చిన ఆయన అన్న థామస్ పెళ్ళే చేసుకోలేదు, ఇలా ఒక్కో కొమ్మా ఎండిపోయింది. అంతరించిందని మీరు నమ్మకంగా రాయాలంటే చేయాల్సిన పని ఇది: పట్టా పొందిన మొదటి మనిషి దగ్గర్నుంచి ప్రతి మగ కొమ్మ చివరికంటా వెళ్ళి, ఆగిన చోట ఒక చావు తేదీ రాయడం.

రెండో దారి ఎర్ల్ టెంపుల్ ఆఫ్ స్టో. ఇదీ 1822లో డ్యూక్ బిరుదుతో పాటే పుట్టింది, కానీ దీని పట్టాలో ఒక వాక్యం ఎక్కువ ఉంది, మగ సంతానం ఆగిపోతే డ్యూక్ మనవరాలు ఆనాకి (నాన్నమ్మ ఆనా ఎలైజా కాదు), ఆమె కొడుకులకి వెళ్ళాలని. ఎందుకని? తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పట్టా 1822 ఫిబ్రవరిలో రాశారు, అప్పటికి ఇంట్లో ఉన్నది ఆ పసిపిల్ల ఒక్కతే, మనవడు పుట్టింది 1823 సెప్టెంబరులో. మనవడు పుడతాడో లేదోనన్న టెన్షన్ ఆ పెద్దాయన చేత రాయించిన వాక్యం అదని నా నమ్మకం. 67 ఏళ్ళ తర్వాత అది పనికొచ్చింది, 1889లో ఆనా కొడుకు గోర్-లాంగ్టన్ నాలుగో ఎర్ల్ అయ్యాడు.

మూడో దారి ఇంకా ముచ్చటైనది. 1718 నాటి వైకౌంట్ కోబమ్ పట్టాలో, ముందు చెల్లెలు హెస్టర్ మగ సంతానానికి, అది ఆగితే ఇంకో చెల్లెలు క్రిస్టియన్ మగ సంతానానికి అని ఉంది. క్రిస్టియన్ లిటిల్టన్ వాళ్ళ కోడలు. 171 ఏళ్ళు ఆ రెండో ఏర్పాటుతో ఎవరికీ పని పడలేదు. 1889లో హెస్టర్ వైపు మొత్తం ఆగిపోయేసరికి, వూస్టర్‌షైర్‌లోని హ్యాగ్లీలో ఉన్న అయిదో లార్డ్ లిటిల్టన్ ఎనిమిదో వైకౌంట్ కోబమ్ అయ్యాడు.

నాలుగోది స్కాట్లండ్ బిరుదు, లార్డ్ కిన్‌లాస్. దాని మీద డ్యూక్ హక్కుని లార్డ్స్ సభ 1868లో ఒప్పుకుంది. ఇది ఆడపిల్లలకీ వెళ్తుంది, కాబట్టి పెద్ద కూతురు మేరీ లేడీ కిన్‌లాస్ అయింది, స్టో ఇల్లు కూడా ఆమెదే అయింది. ఏ పీరేజ్‌లోదో ముందే రాసుకోమన్నది ఇందుకే.

డబ్బు వెంట కూడా వెళ్ళండి

బిరుదు కథ పట్టాల్లో ఉంటే ఇంటి కథ అప్పుల్లో ఉంటుంది. రెండో డ్యూక్ భూమి పిచ్చితో అప్పు చేసి మరీ పొలాలు కొన్నాడు. వచ్చే కౌలు కన్నా కట్టే వడ్డీ ఎక్కువ, మన వైపు ఇలా మునిగిన ఇళ్ళు నేను కళ్ళారా చూశాను కాబట్టి ఈ భాగం చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. 1845 జనవరిలో విక్టోరియా రాణిని, ఆమె భర్తని స్టోకి పిలిచి అట్టహాసంగా మర్యాదలు చేశాడు. 1847లో జప్తు వాళ్ళు ఇంటికొచ్చారు. అప్పు పది లక్షల పౌండ్లు దాటింది. 1848లో ఇంట్లో సామానంతా 40 రోజుల పాటు వేలం వేశారు, వచ్చింది 75 వేల పౌండ్ల చిల్లర.

ఆ వేలం జాబితా, ఏ వస్తువు ఎవరు ఎంతకి కొన్నారో ధరలతో సహా, అప్పుడే పుస్తకంగా అచ్చయింది, స్కాన్ దొరుకుతుంది. దాన్ని చదవడం అంటే ఒక ఇంటి గదులన్నీ తిరిగినట్టే. వెండి, పింగాణీ, పరుపులు, ద్రాక్ష సారాయి సీసాలు. అందులో ఒక నల్లటి చిన్న పెయింటింగ్, చెవికి పోగు పెట్టుకున్న గడ్డం మనిషి, షేక్‌స్పియర్ అని చెప్పుకునేవాళ్ళు. ఎర్ల్ ఆఫ్ ఎల్స్‌మియర్ 355 గినీలకి (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ) కొన్నాడు. 1856లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పెట్టినప్పుడు దాన్ని కానుకగా ఇచ్చాడు, గ్యాలరీ రిజిస్టర్లో నంబర్ 1 అదే. ఇప్పటికీ దాన్ని చాండోస్ పోర్ట్రెయిట్ అంటారు. మనం స్కూలు పుస్తకాల్లో చూసిన షేక్‌స్పియర్ ముఖాల్లో ఒకటి అదే.

ఆస్తి ఎక్కడెక్కడిదో కూడా చూడాలి. చాండోస్ వైపు నుంచి వచ్చినదాంట్లో జమైకాలో హోప్ ఎస్టేట్ ఉంది, చెరకు తోట, బానిసలతో సాగు. ఇప్పుడు కింగ్‌స్టన్‌లో హోప్ గార్డెన్స్ ఉన్నది ఆ నేల మీదే. 1830ల్లో బానిసత్వం రద్దు చేసినప్పుడు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది యజమానులకే, బానిసలకి కాదు. ఎవరికెంత ముట్టిందో యూనివర్సిటీ కాలేజ్ లండన్ డేటాబేస్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. మీరు వెతికే వంశం ఏదైనా సరే, ఒకసారి ఆ డేటాబేస్‌లో చూడకుండా ముందుకెళ్ళకండి.

వీలునామాలకైతే 1858 జనవరి గీత లాంటిది. అంతకు ముందు డబ్బున్నవాళ్ళ వీలునామాలు ఎక్కువగా కాంటర్‌బరీ చర్చి కోర్టులో రుజువయ్యేవి, అవి ఇప్పుడు లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ తర్వాతవి వీలునామాలు రుజువు చేసే ప్రభుత్వ ప్రొబేట్ ఆఫీసులో. ఇక స్టో ఇంటి కాగితాలు, ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు లక్షల్లో ఉంటాయి, అవి ఇంగ్లండ్‌లో లేవు. లేడీ కిన్‌లాస్ పెద్ద కొడుకు 1914లో యుద్ధంలో చనిపోయాడు, 1921లో ఇల్లు అమ్మేశారు, 1923లో అక్కడ స్కూలు పెట్టారు, కాగితాలు 1925లో అమెరికా వెళ్ళి కాలిఫోర్నియాలోని సాన్ మరీనోలో హంటింగ్టన్ లైబ్రరీకి చేరాయి. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు, ముందుగా రిజిస్టర్ చేసుకుని వెళ్ళగలిగితే మూడో డ్యూక్ మద్రాసు రోజుల గురించి ఏముందో చూడమని నా మనవి.

మద్రాసులో అయిదేళ్ళు

తండ్రి చేసిన అప్పులు తీర్చుకుంటూ పెరిగిన మనిషి మూడో డ్యూక్. 1867లో వలసల మంత్రి అయ్యాడు, 1875 నవంబరులో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు. వచ్చిన ఏడాదికే ధాత కరువు. రాయలసీమలో, నెల్లూరు వైపు పెద్దవాళ్ళ నోళ్ళలో ఆ పేరు చాలాకాలం నిలిచింది, 1876 నుంచి 1878 దాకా లక్షల మంది పోయారు. కరువు పనుల కింద కాలువ తవ్వించారు. 1806 నుంచే మద్రాసుకి ఉత్తరాన ముక్కలు ముక్కలుగా తవ్వుతూ వచ్చిన కాలువ అది, కరువులో మద్రాసులోని అడయారు, కూవం నదుల మధ్య లింకు తవ్వి కలిపారు, 1878లో గవర్నర్ పేరు పెట్టారు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు, అందులో 257 మన రాష్ట్రంలోనే. మట్టి మోసినవాళ్ళ పేర్లు ఏ గజెట్‌లోనూ లేవు. అది నాకు బాధగానే ఉంటుంది.

ఈ కాలం చదివేటప్పుడు ఒక పెద్ద గొయ్యి. 1877లో కరువు కూలీల దినకూలిని ఒక పౌండు (అర కిలోకి కాస్త తక్కువ) గింజలు, పైన కొద్దిపాటి డబ్బులకి తగ్గించిన అధికారి పేరు సర్ రిచర్డ్ టెంపుల్. 'టెంపుల్ కూలి' అని పేరుపడింది అదే. స్టో వంశంలో కూడా రిచర్డ్ టెంపుల్‌లు ఉన్నారు కదా అని ఈయన్ని డ్యూక్ ఇంటివాడిగా రాసినవాళ్ళున్నారు. కాదు. ఈయన కలకత్తా నుంచి వైస్రాయ్ పంపిన మనిషి, ఈయన బారోనెట్ బిరుదు వేరు, పట్టా వేరు. మద్రాసు ప్రభుత్వానికీ ఈయనకీ ఆ కూలి మీద పడలేదు కూడా. 1877లో డ్యూక్ లండన్ మేయర్‌ని సాయం అడిగితే, అక్కడ పోగు చేసిన చందానే మాన్షన్ హౌస్ ఫండ్. ఈ వాదనలన్నీ చదవాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి, మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్ళు అక్కడున్నాయి. లండన్ కాపీలు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ కింద ఉంటాయి.

ఇంకో జాగ్రత్త, అచ్చయిందల్లా నిజం కాదు. 1789లో డ్యూక్ ఆఫ్ చాండోస్ పోయాక, పాత బారన్ చాండోస్ బిరుదు మాదేనని ఎడ్వర్డ్ టైమ్‌వెల్ బ్రిడ్జస్ అనే పాస్టరు దావా వేశాడు, ఏళ్ళ తరబడి నడిచి 1803లో లార్డ్స్ సభ కొట్టేసింది. ఆయన తమ్ముడు ఎగర్టన్ బ్రిడ్జస్ దాన్ని చచ్చేదాకా ఒప్పుకోలేదు. ఆ తమ్ముడే 1812లో కాలిన్స్ పీరేజ్ అనే పెద్ద పుస్తకానికి ఎడిటర్. ఆ ఎడిషన్‌లో చాండోస్ వంశం గురించి చదివేటప్పుడు రాసింది ఎవరో మనసులో ఉంచుకోవాలి. ఏ వంశ చరిత్ర తెరిచినా ముందు రాసినవాడి ఇంటిపేరు చూసుకోండి.

ఈ పద్ధతి చేతికి అలవాటు కావాలంటే మద్రాసు గవర్నర్లలోనే ఇంకొకటి పట్టుకోండి, బారన్ వెన్‌లాక్. మూడో లార్డ్ వెన్‌లాక్ 1891 నుంచి 1896 దాకా గవర్నర్, 1912లో పోయాడు. బిరుదు కొడుక్కి కాకుండా తమ్ముడికి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఇంకో తమ్ముడికి, చివరికి ఆఖరి తమ్ముడు ఆర్థర్ లాలీకి, ఆయన కూడా 1906 నుంచి 1911 దాకా మద్రాసు గవర్నరే. 1932లో ఆయనతో బిరుదు అంతరించింది. నలుగురు అన్నదమ్ములు, ఒక్క పట్టా. ఒక పేజీ చాలు, పైన బిరుదు పేరు రాసి, సంవత్సరం వేసి, పట్టాలో ఏముందో వెతకడం మొదలుపెట్టండి.